వేర్లతో ఇచ్చే పుంటికూర

బోయిగూడలో మా ఇంటి పుంటికూరను, అదే గోంగూరను, ఇరుగుపొరుగుకు కోసి ఇవ్వరు. వేర్లతో పీకి, మట్టి దులిపి, కట్ట కట్టకుండా చేతికిస్తారు. తాత కాలం నుంచి అదే పద్ధతి. దారంతో కట్టింది బజారు సరుకని, మనం అమ్ముకునేవాళ్లం కామని నాన్న అనేవారు. ముందువైపు మేడా, దాని పక్కన కూరమడీ చేతులు మారాక కూడా ఆ మాట పోలేదు.

వెనక పెరడు అమ్మమని ఎందరడిగినా నాన్న ఒప్పుకోలేదు. అందులోని బగ్గీల కొట్టాన్ని మాత్రం పాత బ్యాటరీలు విప్పే ఒకాయనకు అద్దెకిచ్చారు. అద్దెకివ్వడం అమ్మడం కాదు గదా. ఆయన ఏళ్లపాటు అక్కడ సీసం కరిగించాడు, యాసిడ్ గోడవారగా పారబోశాడు. నాన్న పోయారు, ఆయన ఖాళీ చేశాడు, నిరుడు కొట్టం కూలింది. ఈ వానలకు ఆ నేల చదును చేసి పుంటికూర విత్తులు చల్లాను.

పక్కింటి ఖాలా గోడ మీదుగా చూసి సంతోషపడింది. ఆమె కూతురు కడుపుతో పుట్టింటికి వచ్చింది, పులుపు అడుగుతోంది. మా పెరటి కూర మటన్ గోష్త్‌లో వేసి వండి పెడతానని, మొదటి మొక్కలు తనకేనని ముందే చెప్పిపెట్టింది. సరేనన్నాను.

మొక్కలు జానెడెత్తుకే ఆగిపోయాయి. ఒకటి పీకి చూశాను. లోతుగా దిగాల్సిన తల్లివేరు వేలెడు కూడా లేదు. కొస మాడి మొద్దుబారింది. పిల్లవేర్లు లేవు. మట్టిని పరీక్షకిచ్చాను. సీసం బాగా ఎక్కువుందని, అది ముందు వేరు కొసనే చంపుతుందని, ఆ కూర తినవద్దని, కడుపుతో ఉన్నవాళ్లు అసలే వద్దని చెప్పారు. విన్నాను. ఏమీ అనిపించలేదు. ఇంటికొచ్చి చెప్పులు వరుసలో పెట్టాను.

మర్నాడు మోండా మార్కెట్‌లో ఒక కట్ట కొని, దారం విప్పి జేబులో వేసుకుని, ఖాలాకు ఇచ్చాను. ఆమె కాడలు తిప్పి చూసింది.

"ఏర్లు ఏవి దొరా? మీరు సుత మోండాల కొంటున్నరా?"

నవ్వుతూనే అంది. ఈసారి కోసుకొచ్చానని అనొచ్చు. అంటే రేపు ఆమే వచ్చి పీక్కుంటుంది.

"మా మట్టిల సీసం ఉంది ఖాలా. బ్యాటరీల కొట్టం ఉండె గదా. అక్కడిది బిడ్డకు పెట్టొద్దు."

ఆమె గోడవైపు చూసింది.

"మీ నాయిన అమ్మనే అమ్మకపాయె," అని కూర తీసుకుని లోపలికి వెళ్లింది.

మిగతా మొక్కలన్నీ పీకేశాను. ఒక్కటీ నేలను పట్టుకుని లేదు. గోనెసంచిలో కుక్కాను. మార్కెట్ దారం జేబులోనే ఉంది. దాంతో సంచి మూతి కట్టాను.