మానుకోటలో బండి దొంగ

అరవై ఎనిమిదేళ్ల వయసులో, నెత్తిన హెల్మెట్టు, సంచిలో పింఛను కాగితాలు, మనసులో చెప్పలేనంత ప్రశాంతత పెట్టుకొని, నేను మహబూబాబాద్‌లో పట్టపగలు ఒక మోటారుసైకిలు దొంగిలించాను. దొంగిలించినవాడు పారిపోవాలి. నేను ఆ మర్యాద కూడా పాటించలేదు. ఎదురొచ్చిన వారికి నమస్కారాలు పెట్టుకుంటూ నిదానంగా ఇంటికి చేరాను. ఆ తరువాత జరిగిన అవమానాన్ని పాఠకులు తీరిగ్గా ఆస్వాదించవచ్చు, నాకు అభ్యంతరం లేదు. అయితే వరుస తప్పకుండా చెప్పడం నా అలవాటు కనుక కొంచెం వెనకనుంచి మొదలుపెడతాను.

నేను వ్యవసాయ శాఖలో పనిచేసి విరమించినవాణ్ని. పుట్టింది బచ్చన్నపేట, స్థిరపడింది మరిపెడ. ఉద్యోగమంతా పంటకోత ప్రయోగాలతోనే గడిచింది. చేనులో తాడు పట్టి కొంత జాగా కొలవడం, అందులో పండిన గింజను తూచడం, ఎకరానికెంతో లెక్కగట్టడం. ఈసారి పంట బాగుందని రైతు అంటే నమ్మేవాణ్ని కాను. తక్కెడ అంటే నమ్మేవాణ్ని. ఈ గుణం ఇంటికి కూడా వచ్చింది. కూర బాగుందా అని నా భార్య సుగుణ అడిగితే, నిన్నటికన్నా ఉప్పు కాస్త తక్కువ అని జవాబిచ్చే మనిషిని. ఇన్నేళ్లు ఆమె నాతో ఎందుకు కాపురం చేసిందో అదొక్కటే నా లెక్కలకు అందలేదు.

భూపాలపల్లిలో పనిచేసేటప్పుడు ఒక నల్ల బండి కొన్నాను. ఇరవై రెండేళ్లు మోసింది. బొగ్గు లారీల వెనక దుమ్ము తిన్నది, వానాకాలం పొలం గట్ల మీద నడుములోతు బురదలో దిగబడింది, నా బదిలీలన్నిటికీ నాతోపాటు తలవంచుకొని వచ్చింది. చివరి రోజులకు దాని తాళం ఎంత అరిగిపోయిందంటే, బీరువా తాళంచెవి పెట్టినా తిరిగేది. మీటరు ఏనాడో ఒక అంకె దగ్గర ఆగిపోయింది. ఆ అంకెను రోజూ చూసి చూసి, నా పుట్టిన తేదీ మరిచినా దాన్ని మరవలేని స్థితికి వచ్చాను. మొన్న ఎండాకాలం కిక్ రాడ్డు ఎదురుతన్నింది. మడమ సొరకాయలా వాచింది.

ఆ వాపును చూసి సుగుణ తీర్పు చెప్పింది. పాత బండి అమ్మెయ్యాలి. బటను నొక్కితే లేచే కొత్త బండి కొనుక్కోవచ్చు. అయితే ఒక షరతు.

"ఒక్కసారి ఏమన్న తేడా వచ్చిందనుకో, తాళంచెయ్యి నా చేతికియ్యాలె. ఆ తర్వాత నీకు ఆటోనే."

ఇది చిన్న బెదిరింపు కాదు. ఉద్యోగం పోయినా నా తిరుగుడు పోలేదు. రోజూ పొద్దున్నే బండి వేసుకొని నాలుగు ఊళ్ల చేన్లు చూసి, ఎవరూ అడగని సలహాలు ఇచ్చి వస్తాను. ఆటోవాళ్లు చేనుగట్టు దగ్గర ఆపరు. బండి లేకపోతే నేను అరుగు మీద కూర్చొని, రోడ్డు మీద పోయే ఇతరుల బండ్లను లెక్కపెట్టుకోవలసిన మనిషిని. అందుకే తల ఊపాను.

పాత బండిని దంతాలపల్లి యాకూబ్ కొన్నాడు. యాకూబ్ దూది ఏకి రజాయిలు కుట్టి, వాటిని బండికి కట్టుకొని ఊరూరా తిరిగి అమ్ముతాడు. ఇచ్చే రోజు అతనికి బండి గుణగణాలన్నీ వివరించాను. ఏ నెలలో ఆయిలు మార్చాలి, చలికాలం చోకు ఎంతసేపు లాగాలి, ఎడమ అద్దం ఏ కోణంలో నిలుస్తుంది. అతను చేతులు కట్టుకొని అంతా విన్నాడు.

"సార్, బండినిస్తున్నరా, బిడ్డనిస్తున్నరా?" అన్నాడు చివరికి.

మాట్లాడుకున్న పైకం మొత్తం అప్పుడే ఇచ్చేశాడు. బండిని అతని పేరు మీదికి మార్చే కాగితం మీద నా సంతకం ఒక్కటి మిగిలింది. తరువాత చూద్దాంలే అన్నాను.

కొత్త బండిని జనగామలో కొన్నాను. కంపెనీ అదే, రంగు అదే. తేడాలన్నీ స్వభావంలో ఉన్నాయి. పాతది దగ్గి, తుమ్మి, నలుగురికీ తెలిసేలా లేచేది. ఇది కొత్త అల్లుడిలా నోరు విప్పదు. నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి వంగి చెవి పెట్టవలసి వచ్చేది. సీటు పాడవకూడదని కంపెనీ వాళ్లు తొడిగిన ప్లాస్టిక్ కవరును నేను తీయనివ్వలేదు. దాంతో బ్రేకు వేసినప్పుడల్లా సబ్బు రాసిన పీట మీద కూర్చున్నట్టు ట్యాంకు మీదికి జారేవాణ్ని. అన్నిటికన్నా పెద్ద చిక్కు నా కుడికాలు. ఈ బండికి కిక్ రాడ్డే లేదు. ఆ సంగతి నాకు తెలుసు, కాలికి తెలియదు. ఎక్కి కూర్చోగానే అది తనంతట తాను లేచి గాలిని తన్నేది. ఒకసారి చెప్పు ఎగిరి ఎదురింటి వాకిట్లో ఎండబోసిన మిరపకాయల మీద పడింది.

నెలలు గడిచినా ఆ బండి నాది కాలేదు. ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టే ఉండేది.

ఇక దొంగతనం రోజు. పింఛనుదారులు తాము బతికే ఉన్నామని ఏటా వేలిముద్ర వేసి రుజువు చేసుకోవాలి. అందుకోసం మానుకోట వెళ్లాను. మహబూబాబాద్‌ను మేమలాగే అంటాం. పింఛను ఆఫీసులోని యంత్రం నా వేలిని గుర్తించలేదు. వేలు మార్చి వేశాను, చెయ్యి మార్చి వేశాను, చెమట తుడిచి వేశాను. ఆఖరికి కంటిని చూపిస్తే ఒప్పుకుంది. వేళ్ల మీది గీతలు వయసుతో అరుగుతాయని అక్కడి అమ్మాయి ఓదార్చింది. నా వేలు నాది కాదని ఒక యంత్రం అనడం మాత్రం నా మనసులో ముల్లులా దిగింది. దాన్నే తలపోసుకుంటూ బయటికి వచ్చాను.

నా బండి నిలబెట్టిన చోట నల్ల బండి ఉంది. ఎక్కాను. తాళంచెవి పెట్టాను, తిరిగింది. కాలు అలవాటు చొప్పున లేచి తన్నింది, బండి లేచింది. లేచిన తరువాత బటను సంగతి గుర్తు చేసుకోవలసిన పనేముంది? సాగిపోయాను.

ఆ ప్రయాణ సుఖాన్ని ఎలా వర్ణించను? సీటు మెత్తగా, పరుపులా ఉంది. ఎండకు మెత్తబడిందనుకున్నాను. చప్పుడు గంభీరంగా ఉంది. ఇంజను ఇప్పటికి కుదురుకుందనుకున్నాను. వేగం ముల్లు సున్న దగ్గర పడుకొని ఉంది. నిదానంగా పోతున్నాననుకున్నాను. మీటరులో నాకు కంఠతా వచ్చిన ఆ పాత అంకె కనబడింది. నమ్ముతారా, దాన్ని చూసి నాకు అనుమానం రాలేదు, ధైర్యం వచ్చింది! తెలిసిన అంకె కదా, అంతా సవ్యంగా ఉందనుకున్నాను. ఆ రోజు నేను చదవని అంకెలు ఒకే ఒక్క చోట ఉన్నాయి. నంబరు ప్లేటు మీద.

మరిపెడ చేరేసరికి సుగుణ వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. బండి దిగకుండానే ప్రకటించాను.

"ఇవ్వాళ్టికి ఈ బండి నాదైంది."

ఆమె తలెత్తి చూసింది. బండిని చూసింది, నన్ను చూసింది, మళ్లీ బండిని చూసింది. చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

"గిది నీదెప్పుడు కాలె?" అన్నది. "గిది యాకూబ్ బండి గదా."

దిగి చూశాను. ప్లాస్టిక్ కవరు లేదు. దాని చోట ముదురు నీలం గుడ్డలో దూది కూరి, రజాయిలా గళ్లు గళ్లుగా కుట్టిన సీటు ఉంది. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. యాకూబ్.

"సార్, జర నిమ్మలంగ వినుర్రి. బండి పోయింది."

"ఏ బండి?" అన్నాను, ఏ బండో కళ్లముందే కనబడుతున్నా.

"మనదే సార్, పాతది. మానుకోటల మీ కొత్త బండి కనవడ్డది. సీటు కవరు జూసి గుర్తువట్టిన. మిమ్ముల కలుద్దామని దాని పక్కకే పెట్టి లోపలికి వోయిన. మీరు లేరు. బయటికొచ్చి చూస్తె నా బండి లేదు. ఎవడో చేతగాని దొంగ సార్. పక్కన కొత్తది వెట్టుకొని పాతది తీస్కపోయిండు. వానికి కండ్లు లెవ్వో, తెలివి లేదో."

అతను నన్ను ఓదార్చడం మొదలుపెట్టాడు.

"మీ దాని గురించి ఫికర్ చెయ్యకుర్రి. గా దొంగ మల్లొస్తడేమోనని మీ బండి మీదనే కూసున్న. గప్పటికెల్లి దిగలే. పోలీసాయనకు గూడ చెప్పిన."

సుగుణ కొంగు నోట్లో కుక్కుకొని గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు మాత్రం కదులుతున్నాయి. నేను, దొంగ దొరికాడనీ, బండితో సహా తీసుకొస్తున్నాననీ చెప్పాను. యాకూబ్ నన్ను మెచ్చుకున్నాడు. ఇంత తొందరగా ఎట్ల పట్టుకున్నారని అడిగాడు. ఫోను పెట్టేశాను.

దొంగసొత్తు మీద, వెనక భార్యను కూర్చోబెట్టుకొని మానుకోట దాకా తిరుగు ప్రయాణం చేశాను. షరతు నాకు గుర్తుందని ఆమెకు తెలుసు.

పోలీసు స్టేషనులో ఒక పెద్ద వయసు జవాను యాకూబ్‌తో సహా మా ముగ్గురినీ కూర్చోబెట్టి, దొంగ ఎక్కడని అడిగాడు. నేనేనని చెప్పాను. యాకూబ్ కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయాడు. నేను వరుసగా అంతా వివరించాను. అరిగిన తాళం, గాలిని తన్నే కాలు, ఆగిన మీటరు. జవాను నవ్వు ఆపుకుంటూ ఫోనులో బండి నంబరు కొట్టి చూశాడు. అప్పుడు అతని ముఖం మారింది.

"పెద్దాయనా, బండి నీ పేరు మీదనే ఉన్నది. నీ బండి నువ్వు తీస్కపోతె నేనేమని రాసుకోవాలె?" అని, యాకూబ్ వైపు తిరిగాడు. "నిన్నడగాలె అసలు. ఈయన బండి నీ దగ్గరికెట్లొచ్చింది?"

అంతవరకూ నవ్వులాటగా ఉన్న వ్యవహారం అక్కడ నవ్వులాట కాకుండా పోయింది. పూర్తి పైకం ఇచ్చినవాడు తల దించుకొని నిలబడ్డాడు. ఉత్తపుణ్యానికి తీసుకుపోయిన నేను యజమానినై కూర్చున్నాను. వెంటనే లేచి, అమ్మింది నిజమనీ, పైకం ముట్టింది నిజమనీ, సంతకం చేయనిది నేనేననీ చెప్పాను.

యాకూబ్ నన్ను తప్పుపట్టలేదు. పట్టి ఉంటే తేలికయ్యేది.

"గా సంతకం కోసమే ఇయ్యాల మిమ్ముల దేవులాడుకుంట లోపలికి వోయిన సార్," అన్నాడు మెల్లగా. "చలికాలం మా గిరాకి దినాలు. రోడ్డు మీద ఆపి కాగితమడిగితే ఏం చూపియ్యాలె? మూట కట్టిన మనిషిని ముందుగాల ఆపుతరు."

అంతకుముందు కూడా అతను ఇంటికి వచ్చాడు. ఒకసారి ఫోటో కొలత సరిగా లేదన్నాను. ఇంకోసారి నకలు కాగితం మసకగా ఉందన్నాను. ఆ లోపాలు నిజమైనవే, చూపించగలను. కానీ మరొకరి కాగితమైతే వాటిని నేను పట్టించుకునేవాణ్నా? బండిని అమ్మానని లోకానికి చెప్పాను గానీ నాలోపల అమ్మలేదు. భూపాలపల్లి దుమ్ము, ఒంట్లో సత్తువ, ఉద్యోగం, పొలంగట్ల మీద నన్ను చూసి లేచి నిలబడే మనుషులు, అన్నీ ఆ కాగితంలో నా పేరు పక్కన ఉన్నట్టనిపించేది. సంతకం పెడితే అవి కూడా రజాయిల మూటతోపాటు దంతాలపల్లికి వెళ్లిపోతాయని భయం. పైకి లెక్కలు సరిచూసే మనిషిగా కనబడుతూ, ఆ భయంతో ఒక కష్టజీవిని రోడ్డు మీద దొంగలా తిప్పాను.

మరుసటి రోజు పొద్దున్నే ముగ్గురం రవాణా కార్యాలయానికి వెళ్లాం. కిటికీ తెరవగానే సంతకం పెట్టాను. పెట్టిన తరువాత ఆశ్చర్యం! భూపాలపల్లి నా దగ్గరే ఉంది. బండి ఒక్కటే వెళ్లింది. యాకూబ్ కిక్కు కొట్టబోయి ఆగి, ఆఖరిసారి నన్ను కొట్టమన్నాడు. కొట్టాను. ఒక్క తన్నుకే లేచింది.

నేను వెనుదిరిగేసరికి సుగుణ ఇంకా కిటికీ దగ్గరే ఉంది. గుమాస్తాను మరొక ఫారం అడుగుతోంది.

"కొత్త బండి నా పేరు మీదికి రానియ్యుర్రి," అన్నది. నా వైపు చూసి, "నీ పేరు మీద ఉన్నదంటే ఇంకోనికి అమ్మినా నీదే అనుకుంటవు. నీకు పేరుండొద్దు, నడుపుడే ఉండాలె."

అలా నాకు ఆటో తప్పింది. ఆ సాయంత్రమే ఆమె ప్లాస్టిక్ కవరు చింపి పారేసింది. యాకూబ్ వచ్చి కొలత తీసుకొని, మెత్తటి సీటు కుట్టి ఇచ్చాడు. ఇప్పుడు రోజూ పొద్దున్న సుగుణ దగ్గర తాళంచెవి అడిగి తీసుకుంటాను. ఎటు పోతున్నానో, ఎప్పుడు వస్తానో చెబుతాను. వింతేమిటంటే, కాగితం మీద నాది కానప్పటినుంచే ఆ బండి నా మాట వింటోంది. కాలు కూడా గాలిని తన్నడం మానింది.

కనుక పాఠకులందరి సాక్షిగా, స్థిరచిత్తంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నా పేరు మీద లేని బండిని ఇకపై జన్మలో ముట్టను.

ఈ వాక్యాన్ని సుగుణకు చదివి వినిపించాను.

"మంచిగ రాసినవు," అన్నది. "అయితే తాళంచెయ్యి గిట్లియ్యి. రేపటికెల్లి ఆటోల పో."

ప్రతిజ్ఞను సవరిస్తున్నాను: నా పేరు మీద లేని బండిని, దాని యజమానురాలిని అడగకుండా, ఇకపై జన్మలో ముట్టను.