చేతి మీద కాలు

గవర్రాజు వెల్డరు. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని, మల్కాపురంలో కాపురం. మనిషి మంచివాడే. కాకపోతే పెళ్లికి ముందు పూర్ణా మార్కెట్‌లో బెండకాయలమ్మే నూకాలు అనే పిల్ల మీద మనసు పారేసుకుని, ఆ పేరు ముంజేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. ఆ పిల్ల ఇంకెవరినో చేసుకుని వెళ్లిపోయింది. పచ్చబొట్టు సంగతి ఆమెకు ఈనాటికీ తెలియదు.

పెళ్లయిన కొత్తలో పెళ్లాం తాయారు అడిగింది. "ఈ నూకాలెవులు మావా?"

"ఇంకెవులు, నూకాలమ్మ తల్లే! మొక్కున్నాది" అనేశాడు.

గండం గట్టెక్కిందనుకున్నాడు గానీ అసలు గండం అక్కడే మొదలైంది. ఆనాటి నుంచీ అతను డ్యూటీకి బయల్దేరేముందు తాయారు ఆ చేతిని కళ్లకద్దుకోనిదే వదిలేది కాదు. మొన్న కొత్త అమావాస్యకైతే, నూకాలమ్మ పండగని, అక్షరాలకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. అది గవర్రాజు నెత్తిన కొట్టినట్టే అయింది.

ఉండబట్టక, పచ్చబొట్టు తీయించుకుందామని ఇంట్లో చెప్పకుండా చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ముందు ఒక్క అక్షరం మీద లేజరు కొట్టి చూద్దామని ఆమె 'నూ' మీద కొట్టింది. "పొక్కులొస్తాయి, కంగారుపడకండి. చిదపకండి, గోకకండి, ఎండ తగలనివ్వకండి. ఈ మందు రాసి గుడ్డ కట్టుకోండి. పసుపులూ పసర్లూ మాత్రం పుయ్యొద్దు" అని పంపింది.

"ఏటయింది ఆ సేతికి?" అంది తాయారు.

"నిప్పురవ్వ పడింది."

తాయారు కట్టు విప్పింది. 'నూ' మీద నీటిపొక్కులు లేచి ఉన్నాయి. మిగతా అక్షరాలు చెక్కుచెదరలేదు.

"నిప్పురవ్వకి సదువొచ్చేటి, అచ్చరం సూసుకుని పడ్డానికి?"

దొరికిపోయాననుకున్నాడు గవర్రాజు. తాయారు మాత్రం రెండు చేతులూ జోడించింది. "ఇది రవ్వ కాదు మావా, అమ్మోరు పోసింది. నానేటి తప్పు సేసినానో!"

ఇంకేముంది, గుమ్మానికి వేపమండలు వేలాడాయి. ఇంట్లో తాలింపు చప్పుడు ఆగిపోయింది. చేప లేనిదే ముద్ద దిగని తాయారు మజ్జిగన్నానికి దిగింది. మైలలో దీపం పెట్టానేమో, అత్తను విసుక్కున్నానేమో అని చెంపలేసుకుంటూ లేని తప్పులన్నీ తవ్వుకుంది. ఉన్న తప్పు పక్కనే కూర్చుని మజ్జిగన్నం తింటోంది. మజ్జిగకు పొక్కుల మంట చల్లారింది గానీ, లోపలి మంట చల్లారలేదు.

చివరికి తాయారు వేపాకూ పసుపూ నూరి ముద్ద చేసి తెచ్చింది. "సెయ్యి సాపు."

రాయించుకుంటే పుండవుతుంది. వద్దంటే ఎందుకో చెప్పాలి. ఆమె కళ్లు చూశాడు. ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"తాయారూ, అది అమ్మోరు కాదే. లేజరు కొట్టించినాను. ఆ నూకాలు... పూర్ణా మార్కెట్‌లో బెండకాయలమ్మేది."

తాయారు పసుపుముద్ద కింద పెట్టింది.

"అయితే ఇన్నాళ్లూ నాను దండవెట్టింది బెండకాయలదానికా? కొబ్బరికాయ కూడా కొట్టినాను గదరా!"

గవర్రాజు వంగి ఆమె కాళ్లు పట్టుకోబోయాడు. తాయారు వెనక్కి జరిగింది. "నా కాళ్లెందుకు? నీ సేతి మీదే ఉన్నాది గదా, అది పట్టుకో."

చూసుకున్నాడు. 'నూ' మీద గుడ్డ. గుడ్డ పక్కన తేటగా 'కాలు'.

తాయారు మందు ఎక్కడుందో అడిగి, పొక్కు చిట్లకుండా వేలికొసతో రాసి, కొత్త గుడ్డ కట్టింది. తర్వాత వేపమండలు పీకేసి, చేపలు తెచ్చి పులుసు పెట్టింది.

ఒక్క పళ్లెంలోనే వడ్డించుకుంది. గవర్రాజు మజ్జిగన్నం కలుపుకున్నాడు.