వరసలో చివరి గొంతు

మా నడక సంఘంలో ముందు నడిచే మనిషి దారిలో ఏం అడ్డం వచ్చినా పైకి చెప్పాలి. ఆయన "రాయి" అంటే వెనక మనిషి "రాయి" అంటాడు, ఆ వెనక మనిషి తన వెనకవాళ్లకు అందిస్తాడు. మాట వరస చివరికి చేరాక ఆఖరి మనిషి "అందింది" అని గట్టిగా కేకెయ్యాలి. అది వినపడేదాకా ముందు మనిషి ఆగుతాడు. కోదాడ పక్కన సాగర్ కాలువ కట్ట మీద తుమ్మముళ్లకూ పాములకూ భయపడుతూ, ఇంకా తెల్లవారకముందే నడిచిన రోజుల్లో పుట్టిన అలవాటు ఇది.

సూర్యాపేట నుంచీ మిర్యాలగూడ నుంచీ ఆదివారాలు వచ్చి కలిసేవాళ్లు మొదట్లో మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. నెల తిరిగేసరికి వాళ్లే కింద చూడటం మానేసి, ముందువాళ్ల వీపుతో కోడళ్ల ముచ్చట్లు చెప్పుకుంటూ నడిచేవాళ్లు. మన కాళ్లను ఇంకొకరి నోటికి అప్పగించి నడవడం ఎంత హాయో అలవాటైనవాళ్లకే తెలుస్తుంది.

మొదటి నుంచీ ముందు నడిచేది మా ఆయన. చివర నడిచేది నేను. ఇంట్లో ఒక్క మాట మీద నిలవని మొగుడూ పెళ్లాలం, కట్ట మీద మాత్రం ఆ కొసా ఈ కొసా పట్టుకుని ఇంతమందిని నడిపిస్తున్నామని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

ఆయనకు మోటార్లు వైండింగ్ చేసే దుకాణం ఉండేది. ఉన్నట్టుండి తీగ చుట్లు లెక్క తప్పడం మొదలైంది. "ఇప్పుడొచ్చే తీగనే మంచిగుంటలేదు" అని తీగను తిట్టాడు, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. ఆ తర్వాత గడప తగిలి పడబోయాడు. పక్కన నిలబడి చాయ్ ఇస్తే చూడలేదు. బలవంతాన సూర్యాపేటలో కంటి దవాఖానకు తీసుకెళ్తే నీటికాసులన్నారు. చూపు అంచుల నుంచి తినుకుంటూ వస్తోందట. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్కనున్నదీ కాళ్ల కిందున్నదీ కనపడదు. పోయిన చూపు రాదనీ, ఉన్నది నిలుపుకోవాలనీ డాక్టరు చెప్పాడు.

బస్సులో తిరిగి వస్తూ మా ఆయన ఒకటే మాట అన్నాడు. "సంఘంల ఎవ్వరికన్న చెప్తివా, ఇగ నేను గడప దాటను."

అన్నంత పనీ చేసే మనిషి. దుకాణం కిరాయికి ఇచ్చేశాక ఆయనకు మిగిలింది ఆ నడక ఒక్కటే. అదీ పోతే మంచానికి అతుక్కుపోతాడని నా భయం. కాలువ కట్ట ఆయనకు కంఠతా వచ్చు, కళ్లు మూసుకుని నడుస్తాడు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మింగలేక కక్కలేక నెలలు గడిపాను.

అంతలో దివిసీమ ప్రయాణం వచ్చిపడింది. శని, ఆదివారాలు సముద్రం ఒడ్డున నడక. ఏర్పాటంతా సూర్యాపేట రిటైర్డు హెడ్మాస్టరుది, మేమంతా పెద్దసారు అంటాం. "మన పొలాలు పారిచ్చే కృష్ణ సముద్రంల కలిసే కాడ, రెండు పాయల నడుమ దీవి. అది సూడకుంటే ఎట్ల?" అన్నాడు. అందరూ సై అన్నారు. ఆ దారి మా ఆయనకు కంఠతా రాదని నాకొక్కదానికే తట్టింది.

"ఈసారి నీ ఎనకనే నేను నడుస్త. ఏదన్న ఉంటే మెల్లగ చెప్త" అన్నాను ఇంట్లో.

"ఎప్పుడన్న నడిసినవా అట్ల? అందరికి అనుమానమొస్తది. నువ్వు ఆఖర్నే ఉండు."

"పడితే?"

"పడితే లేస్త. జర నోరు మూసుకో."

నోరు మూసుకున్నాను గానీ పళ్లు మాత్రం పటపట కొరుక్కున్నాను.

శనివారం పొద్దున దారి చూపించడానికి అక్కడి ఊరాయన ఒకాయన వచ్చాడు. ముందు ఆయన, ఆయన వెనక మా ఆయన, మా ఆయన వెనక మిర్యాలగూడ వదిన. ఆమెకు రైసుమిల్లు ఉంది. గలగలా మాట్లాడే మనిషి, మా ఆయనను నోరారా అన్నా అని పిలుస్తుంది. ఇసుక మీద కాసేపు బాగానే సాగింది. "గవ్వలు" అనీ "ఎండ్రకాయలు" అనీ మాటలు నా దాకా వస్తున్నాయి. నేను అందింది, అందింది అంటున్నాను. భయం కొంచెం తగ్గింది కూడా.

మడచెట్లు మొదలయ్యే చోట దారిచూపే ఆయన మమ్మల్నందర్నీ దగ్గరికి పిలిచాడు. "ఇక్కణ్ణుంచి మాట్లాడకుండా రండి. అలికిడైతే పిట్టలు లేచిపోతాయండి. నేను కుడిచెయ్యి పక్కకి ఎత్తితే అటుపక్క బురదని గుర్తు, ఎడంపక్కకి జరగండి" అని చెప్పి, మా ఆయన వైపు తిరిగాడు. "మీరు చూసుకుని వెనకాళ్లకి మెల్లగా చెప్పండి."

పక్కకు ఎత్తిన చెయ్యి ఈయనకెక్కడ కనపడుతుంది? అక్కడే చెప్పేద్దామని నోరు తెరిచాను. మా ఆయన నా వైపు చూశాడు. అది బతిమాలే చూపు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను దేనికీ బతిమాలింది లేదు. తెరిచిన నోరు మూతపడింది. నేను వెళ్లి నా చోట నిలబడ్డాను.

ఒడ్డు వంకర తిరిగిన చోట, చివరనున్న నాకు ముందువాళ్లు స్పష్టంగా కనపడ్డారు. దారిచూపే ఆయన కుడిచెయ్యి లేచింది. ఆయన ఎడమకు జరిగాడు. మా ఆయన జరగలేదు, నేరుగా పోతున్నాడు. నేను అరిచేలోగా గట్టినేల అంచు మీదుగా, అదృష్టం కొద్దీ, దాటిపోయాడు. పిట్టలను చూస్తూ ఆయన వెనకే వచ్చిన వదిన మాత్రం తొడదాకా దిగబడిపోయింది.

తువ్వాళ్లు ముడేసి లాగితే బయటికొచ్చింది. చీలమండ బెణికింది. నొప్పికి ఏడుస్తూనే, "చెప్పలేదేందన్నా?" అంది. ఆ మాటలో కోపం లేదు, నమ్మలేకపోవడమే ఉంది. పరాయివాళ్లెవరైనా అయితే కింద చూసుకుని నడిచేవాళ్లే. ముందునుంచి మాట రాలేదు కాబట్టి మాలో ఒక్కరూ నేల వైపు చూడలేదు.

పెద్దసారుకు కోపమొచ్చింది. "ఆయన చెయ్యెత్తిండు గదా. నువ్వు గూడ పిట్టల్ని సూసుకుంట నడుస్తున్నవా?"

"అవు సారూ. సోయి లేకపాయె" అన్నాడు మా ఆయన తల వంచుకుని. లేని తప్పును నెత్తిన పెట్టుకుంటుంటే చూసి నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది.

మధ్యాహ్నం మేం దిగిన సత్రంలో అందరూ భోజనాలకు కూర్చున్నారు. నేను ఓ పక్కన వదిన కాలు ఒళ్లో పెట్టుకుని పసుపూ సున్నం పట్టు వేస్తున్నాను. రేపటి నడక మాట వచ్చింది. "రేపు గూడ నువ్వే ముందు. ఈసారన్న జర సోయిల ఉండు" అన్నాడు పెద్దసారు మా ఆయనతో. అప్పటికే కోపం చల్లారిపోయింది ఆయనకు.

మా ఆయన చేతిలో ముద్ద మళ్లీ విస్తరిలో పెట్టేశాడు.

"నేను ముందు నడవద్దు సారూ. నాకు ఆ చెయ్యి కనపడలే. పక్కకున్నది ఏదీ కనపడతలేదు. శాన దినాలాయె." వదిన కాలి వైపు తిరిగాడు. "ఇగ నడకకు నేను రాను. నావల్ల ఇంకొకరి కాలు ఇరగొద్దు."

ఇన్ని నెలలుగా నేను దేనికి భయపడ్డానో అదే ఆయన నోటి నుంచి వచ్చింది. "మంచిది, రేపు ఈడనే పండుకో. కళ్లకు గూడ రెస్టు" అన్నాడు పెద్దసారు మెల్లగా. మంచికే అన్నాడు. ఆ మంచి మాటకే మా ఆయన మొహం ఇంకింత వాడిపోయింది.

అప్పుడు నా ఒళ్లో కాలు పెట్టుకున్న వదిన అందుకుంది. "దెబ్బ తగిలింది నాకు. పండుకునేది నేను. అన్న ఎందుకు పండుకుంటడు? ఆఖరున నిలబెట్టుండ్రి. ఇగో, ఈ వదిన ముందు నడుస్తది. ఆమెకు నోరు లేదా ఏంది?"

నా నోరు సంగతి అందరికీ తెలుసు కాబట్టి కొందరు నవ్వారు. మా ఆయన నవ్వలేదు. విస్తరి మడిచి లేచి వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున బయల్దేరేటప్పుడు చూస్తే వరస చివర నిలబడి ఉన్నాడు. నేను వెళ్లి ముందు నిలబడ్డాను. దారిచూపే ఆయన తప్ప నా ముందు ఎవరి వీపూ లేదు. అడుగు వేయాలంటేనే భయమేసింది. ఇంత బరువు మోస్తున్నానని ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు.

దారికి అడ్డంగా మొదటి చిన్న నీటిపాయ వచ్చింది. "నీళ్లు" అన్నాను. నీళ్లు, నీళ్లు అంటూ మాట వెనక్కి పోయింది. ఒక్కో గొంతునూ గుర్తుపడుతూ విన్నాను. చివరి దాకా పోయి ఆగిపోయింది. అందింది అన్న మాట రాలేదు.

నేను కదల్లేదు. వెనక్కి తిరిగి చూడొచ్చు, కానీ చూడలేకపోయాను. సత్రానికి తిరిగి వెళ్లిపోయాడేమో, ఇసుకలో కూలబడ్డాడేమో. ఆ మాటను నేను ఇన్నేళ్లూ ఆవలిస్తూ అన్నాను, ఇంటికెళ్లి ఏం కూర వండాలా అని ఆలోచిస్తూ అన్నాను. దానికోసం ముందు ఒక మనిషి ఇట్లా ఊపిరి బిగబట్టి నిలబడతాడని ఏనాడూ అనుకోలేదు.

"ఇంకొకసారి చెప్పమ్మా" అన్నాడు నా వెనకున్న పెద్దసారు.

"నీళ్లు" అన్నాను. మాట మళ్లీ వరసంతా నడుచుకుంటూ వెనక్కి వెళ్లింది.

చాలాసేపటికి, ఎక్కడో దూరంగా, మా ఆయన గొంతు వినపడింది.

"అందింది."

నేను నీళ్లలో కాలు పెట్టాను.