వంతెన దాటని మలోటి

పిట్సెంగ్ కొండ కింద ఎవరింట చావు జరిగినా ముందు కబురు వెళ్ళేది మాపులెంగ్‌కే. ఊరి ఆడవాళ్ళు చావు ఖర్చులకని పెట్టుకున్న సంఘానికి ఆమే పెద్ద. నది అవతల గనుల్లో పోయినవాళ్ళను తెచ్చి సొంత మట్టిలో కలపడం ఆమె నెత్తికెత్తుకున్న పని. చందా దగ్గర మాత్రం మహా కర్కోటకురాలు. “మన మలోటి నోట్లు వద్దు, అవతల చెల్లే ర్యాండ్లే పెట్టండి,” అని ముక్కుపిండి వసూలు చేసేది.

ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా? మన మలోటి, నది అవతలివాళ్ళ ర్యాండ్ ఒకే విలువని రెండు రాజ్యాలూ ఒప్పుకున్నాయి. వాళ్ళ ర్యాండ్ మన సంతలో దర్జాగా తిరుగుతుంది. మన మలోటి మాత్రం వంతెన దాటగానే చిత్తుకాగితం అయిపోతుంది.

ఈ చలికాలం నలుగురిని తెచ్చేసరికి డబ్బాలో ర్యాండ్లు అడుగంటాయి. సరిగ్గా అప్పుడే మాపులెంగ్ తమ్ముడు మొహాపి, గని నుంచి వస్తూ నది అవతలే దారిలో కుప్పకూలి చనిపోయాడని తెలిసింది. శనివారం ఖననం అనుకున్నారు. గొయ్యి తవ్వారు, చావు భోజనానికి ఎద్దును కట్టేశారు, పైకొండల్లోని చుట్టాలు నడిచి దిగారు. సంఘం ఆడవాళ్ళు ఉన్న మలోటినంతా ఊడ్చి ఆమె చేతిలో పోశారు. శుక్రవారం పొద్దున్నే ఆమె దుప్పటి కప్పుకుని బయల్దేరింది. వంతెనకు ఇవతలి ఊరు మపుట్సువేలో బ్యాంకువాళ్ళు, నెలాఖరు కదా, ర్యాండ్లు నిండుకున్నాయి, సోమవారం రమ్మన్నారు.

వంతెన అవతల శవాగారంలో గుమాస్తా నోట్లను వేలితో వెనక్కి తోశాడు.

“ఇవి మీ కొండల కాగితాలమ్మా. ఇక్కడ చెల్లవు.”

“చెల్లకపోవడమేంట్రా? నీదీ నాదీ ఒకే భాష. నా తమ్ముడు ఇన్నేళ్ళు మీ గనిలో దుమ్ము మింగాడే, అప్పుడు వాడి ఊపిరితిత్తులు ఏ దేశానివని అడిగారా?”

“నన్నంటే ఏం లాభం? యజమాని రూలు. సాయంత్రంలోగా కట్టకపోతే ఇక సోమవారమే.”

గేటు దగ్గర నోట్లు మార్చేవాడు కాచుకునే ఉన్నాడు. “పదికి ఎనిమిదిస్తానక్కా.”

“నువ్వు మనవాడివి కాదూ?”

“మనవాణ్ణి కాబట్టే ఎనిమిది. వేరేవాడైతే ఏడే ఇచ్చేవాడు.”

ఏం చేస్తుంది? మార్చింది. తక్కువపడిన దానికి భుజాల మీది దుప్పటి తీసి వాడికే అమ్మింది. పెళ్ళినాడు మొగుడు కప్పిన దుప్పటి అది.

డబ్బు కట్టాక గుమాస్తా ప్లాస్టిక్ సంచిలో మొహాపి వస్తువులు తెచ్చిచ్చాడు. గడియారం లేదు. ఫోన్ లేదు. బూట్లు కూడా లేవు. పర్సులో ఒక్క ర్యాండ్ లేదు గానీ, మడత నలగని మలోటి నోట్లు మూడు ఉన్నాయి. వంతెన దిగాక ఇంటికి బండి ఛార్జీ కోసం వాడు ఎప్పుడూ దాచుకునేవి.

“ఇవెలా మిగిలాయి?”

గుమాస్తా తల వంచుకున్నాడు. “పడిపోయినవాడి జేబులు ఎవరో తడిమారమ్మా. ఇవి వదిలేశారు.”

మాపులెంగ్‌కి ఒళ్ళు భగ్గున మండింది. “చచ్చినవాడి బూట్లు పనికొచ్చాయి, నోటు మీది మా రాజు బొమ్మ పనికిరాలేదా? దొంగలక్కూడా మేం లోకువేనా?” అని ఆ గది దద్దరిల్లేలా అడిగింది.

శవాగారం బండి వంతెన దాకానే వచ్చింది. ఇవతల ఊరివాడు రమైలి తన ట్రక్కుతో ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ పెట్టె ఎక్కించారు. దుప్పటి లేని ఆమె భుజాల వైపు చూసి రమైలి ట్రక్కు తలుపు తీశాడు. ఆమె ఆ మూడు నోట్లూ తీసి అతని ముందుకు చాపింది.

“వద్దక్కా. మొహాపిని తీసుకెళ్ళడానికి నేను డబ్బు పుచ్చుకోవడమేంటి? లోపల పెట్టుకో.”

చలికి వణుకుతున్నా ఆమె చెయ్యి వెనక్కి పోలేదు.

“వాడి ఛార్జీ వాడే దాచుకున్నాడు. తీసుకో. పొద్దుటి నుంచీ అందరూ ఇదే మాటన్నారు. మలోటి వద్దని నువ్వూ అంటావా, రమైలీ?”

రమైలి రెండు చేతులూ చాచి ఆ నోట్లు అందుకున్నాడు.