అవ్వ కొంగుకున్న తాళంచెవి

ఆర్మూర్ల సర్కారు దవాఖానల నేను కౌన్సెలర్‌ని. మనసు బాగలేనోళ్లతోని మాట్లాడుడే నా పని. ట్రైనింగుల మాకు చెప్పిండ్రు: మొగోళ్ల మీద జర ఎక్కువ నజర్ పెట్టుండ్రి, వయసు మీద పడ్డోడు, ఎవుసం చేసేటోడు, పెండ్లాం పోయినోడైతే ఇంకా పైలం. "సచ్చిపోవాలనిపిస్తుందా" అని సీదా అడగాలె, అడిగితే లేని ఆలోచన పుట్టదు. గిదే ముచ్చట నేను గూడ ఊరూరు తిరిగి మస్తు మందికి చెప్పిన.

మమ్ముల కన్న అవ్వ పోయినంక మా బాపు గా మాటలన్నిటికి సరిపోయిండు. కని నాకు నోరు రాలే. కన్నతండ్రిని గట్ల ఎట్ల అడుగుడు? కమ్మర్‌పల్లిల మా అన్న దగ్గరనే ఉంటుండె. ఇంటినిండ మంది, యాళ్లకు బువ్వ. మంచిగనే ఉన్నడు గదా అని నాకు నేనే చెప్పుకున్న.

గీ యేడు పసుపు ఉడకబెట్టి కల్లంల ఆరబోసినంక నేను పోయిన. బాపు ప్రతిసారి పసుపు కొమ్ము ఇరిచి సప్పుడు వింటడు, టక్కుమంటేనే ఎండినట్టు. గా దినం కొమ్ము చేతుల పట్టుకొని కూసున్నడు, ఇరుస్తలేడు. ఇగ నేను అడగకుంట ఉండలేకపోయిన.

"బాపూ, సచ్చిపోవాలనిపిస్తుందా?" అన్న.

పక్కన పసుపు ఏరుతున్న వదినె చాట ఇడిసింది. అన్న నా మీదికి లేసిండు. "నీ నోట్లె మన్నువడ! పంట ముంగట గదేం మాట? లేనిది నువ్వే యాది చేస్తున్నవా?"

"నువ్వు జర ఊకో అన్నా!" నేను గూడ గట్టిగనే అన్న. నాకు కోపం జల్ది వస్తది. ఏడ్పు గూడ గంతే జల్ది వచ్చింది.

బాపు మొలతాడుకున్న తాళంచెవి ఇప్పి నా చేతుల పెట్టిండు. పురుగుల మందులుండే కొట్టం చెవి అది. అవ్వ ఉన్నన్ని దినాలు ఆమె కొంగుకే ఉంటుండె. మందు కొట్టే దినం ఆమెనే పోయి తీసేది, ఆమెనే తాళం ఏసేది. పెద్ద దొరసాని అని మేం నవ్వుతుంటిమి.

"మీ అవ్వకు ఎరుకనే బిడ్డ," అన్నడు బాపు. "మీరు చిన్నగున్నప్పుడు గూడ నా మనసు గిట్లనే అయింది. ఆమె అడిగింది, నేను చెప్పిన. అప్పటిసంది చెవి నాకు ఇయ్యలే. ఆమె పోయినంక మీ అన్న తెచ్చిచ్చిండు, ఇంటి పెద్దోనివి నీ దగ్గరుండాలె అని."

అన్న ఉన్నకాడనే కూలవడ్డడు. పాపం, మర్యాద చేసిన అనుకున్నడు. మొగోనికి పెండ్లాం ఉంటే జర నయం అని ట్రైనింగుల చెప్పిండ్రు గని, ఎందుకో చెప్పలే. గింత బరువు అవ్వ ఒక్కతే మోసింది.

"రేపు మా డాక్టర్ దగ్గరికి పోదాం బాపూ, నేను పక్కనే ఉంట," అనుకుంట చెవిని కొంగుకు ముడేసుకున్న.

బాపు ముడి దిక్కే చూసిండు.

"గట్టిగ ఎయ్యి బిడ్డ," అన్నడు.