రిజిస్టర్‌లో ఏడో గడి

అబ్దుల్ గఫార్ ఆ రోజు పొద్దున తొమ్మిదిలోపే రిజిస్టర్‌లో పద్నాలుగు పేర్లు ఎక్కించాడు. అందరూ కాంచీపురం నుంచి వ్యాన్‌లో దిగినవాళ్లు. నుదుట నామాలు పెట్టుకుని అహోబిలం పోవడానికి వచ్చినవాళ్లు. ఏడో గడి ‘వచ్చిన కారణం’. అందులో పద్నాలుగు మందికీ ఒకటే రాశాడు: సొంత పని.

ఆళ్లగడ్డ బస్టాండుకు ఎదురుగా ఉన్న పద్దెనిమిది గదుల లాడ్జికి ఆయన ఇరవై ఆరేళ్లుగా మేనేజరు. ఆ రెండు మాటలు రాయడం చేరిన వారంలోనే నేర్చుకున్నాడు. అప్పట్లో ముఠా తగాదాలు నడుస్తుండేవి. కొత్త మనిషి దిగితే పోలీసు స్టేషన్ నుంచి ఎవరో ఒకరు వచ్చి ఎందుకొచ్చాడు, ఎవరింటికొచ్చాడు అని అడిగేవారు. ఏం రాసినా దాని మీద ఇంకో ప్రశ్న పుట్టేది. సొంత పని అని రాస్తే పుట్టేది కాదు. తగాదాలు సద్దుమణిగి ఏళ్లయింది. రాత మాత్రం మారలేదు.

పదకొండింటికి నంద్యాల నుంచి భానుప్రియ వచ్చింది. చిన్న ఊళ్ల హోటళ్లు గిరాకీని ఎలా రాబట్టుకుంటాయి, టూరిజం పథకాలు వాటిదాకా ఎంతవరకు వస్తాయి అనే విషయం మీద పీహెచ్‌డీ చేస్తోంది. జిల్లాలోని లాడ్జీల మీద టూరిజం వాళ్లు చేయించే సర్వే కూడా ఆమె పరిశోధనకు గైడ్‌గా ఉన్న ప్రొఫెసరు చేతిలోనే ఉంది. నిరుడు దిగినవాళ్లలో సగం మంది యాత్రికులని సర్వేలో తేలిన లాడ్జీలకు ఒక జాబితా వేసి, వాటి దగ్గరే టూరిస్టు బస్సు ఆపుతారు. ఆ జాబితాలో పేరు లేకపోతే బిల్డింగును కోచింగ్ హాస్టల్‌కు ఇచ్చేస్తానని ఓనరు ఓబులేసు ముందే చెప్పాడు.

గఫార్ ధీమాగా నిరుటి రిజిస్టర్లన్నీ ముందు పెట్టాడు. గదులు ఊడ్చే రంగమ్మ టీ తెచ్చింది. భానుప్రియ గంటసేపు పేజీలు తిప్పి పెన్ను కింద పెట్టింది.

“అన్నా, ఒక్క యాత్రికుడూ లేడు కదన్నా.”

“ఏందమ్మా ఆ మాట? పైకి పోయి చూడు, వరండా అంతా వాళ్ల తడి పంచెలే.”

“ఈడ సొంత పని అనుంది. ఏడాదంతా అదే.”

“కాంచీపురం నుంచి పద్నాలుగు మంది ఆళ్లగడ్డకు ఏం సొంత పని మీదొస్తారు? శనగలు కొనేకా?”

రంగమ్మ అందుకుంది. “కొండెక్కి, మోకాళ్లు పట్టుకోని కుంటుకుంటా వస్తాండారు పాపా. ఆ మోకాళ్లు రాసుకోపో.”

భానుప్రియ నవ్వింది. రాయలేదు.

“నాకు తెలీదా అన్నా? రిజిస్టర్‌లో ఉండేదే ఫారంలో ఎక్కించల్ల. వేరే రాస్తే మా సార్ కొట్టేస్తాడు.”

“ఇప్పుడే దిద్దుతా. ఎంతసేపు?”

ఆమె పేజీ కింద ఉన్న స్టేషన్ ముద్ర మీద వేలు పెట్టింది. అన్ని పేజీల కిందా అదే ముద్ర. ముద్ర పడిన పేజీ దిద్దకూడదు. గఫార్ పెన్నుకు మూత పెట్టాడు.

మర్నాటి నుంచి ఆయన ఏడో గడిలో అహోబిలం అని రాయడం మొదలుపెట్టాడు. వారానికోసారి వేసే ముద్ర కోసం వచ్చిన కానిస్టేబులు, “ఇంతమంది ఒకేసారి అహోబిలమేందప్పా?” అని అరగంట కూర్చోబెట్టి అడిగాడు. అదీగాక సర్వే లెక్క నిరుటిది.

పాత పేజీల్లోని నంబర్లకు ఫోన్లు చేశాడు. మేము అహోబిలానికే వచ్చామని ఒక ముక్క రాసి పంపమన్నాడు. చాలామందికి ఆయనెవరో గుర్తులేదు. ఒకాయన తమిళంలో తిట్టి పెట్టేశాడు. ఇద్దరు పంపారు. వాటిని పట్టుకుని భానుప్రియ రిపోర్టు చివర ఒక గమనిక చేర్చింది. గమనికలు సర్వే లెక్కలోకి రావు.

ఏప్రిల్‌లో జాబితా వచ్చింది. అందులో లాడ్జి పేరు లేదు. మళ్లీ సర్వే మూడేళ్లకు.

“తప్పెవరిదప్పా గఫారూ?” అన్నాడు ఓబులేసు.

“నాదేన్నా.”

“ఇరవై ఆరేళ్లు ఒక్క పొల్లు పోకుండా రాసినావ్. కొంచెం బద్ధకంతో ఆ గడి ఖాళీగా వదిలేసింటే బతికిపోదుం.”

గదులు కొలిచే టేపు పట్టుకుని నిలబడిన హాస్టల్ వాళ్లను వెంటబెట్టుకుని ఓబులేసు మేడ మీదికి పోయాడు. హాస్టల్‌కు మేనేజరు అక్కర్లేదు, వాళ్ల మనుషులు వాళ్లకున్నారు.

మే 31న లాడ్జి మూసేశారు. ఆ ఆఖరి రోజున పద్దెనిమిది గదుల్లో పదిహేడు నిండాయి.