పల్లకి ముందు పాటలు, తాళం వెనక తాటాకులు

ఆంధ్రరాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. ఆళ్ళగడ్డలో అలమేలమ్మ అనే ఆవిడ దగ్గర తాటాకు గ్రంథం ఉందనీ, చెదలు పట్టకముందే ఇచ్చేస్తానంటోందనీ మా మ్యూజియానికి కబురొచ్చింది. పాత వస్తువులు దాచే గది తాళాలు నా దగ్గరే ఉంటాయి. తాళాలు మోసేవాడికి మూట మోసే పనీ తప్పదు కదా, నన్నే పంపారు.

ద్రోణాచలంలో బండి మారి పొద్దున్నే నంద్యాలలో దిగాను. స్టేషను ఎదుటి హోటల్లో బొరుగుల ఉగ్గాని తిని ఆళ్ళగడ్డ బస్సెక్కాను. దారంతా దుమ్మే. పక్కనున్న రైతు నా సంగతి విని మొహం చిట్లించాడు.

"యాడికి ఎత్తుకపోతాండావప్పా? అవి పల్లకి ముందర పాడే పాటలు."

అహోబిలం స్వామి ఏటా కొండ దిగి పల్లకిలో ఊరూరా తిరుగుతాడు. ఆ పాటలు రాసి పాడినవాడు అలమేలమ్మ గారి భర్త. ఆయన పోయాక పాడేవాళ్ళు లేరు.

నేను ఇల్లు చేరగానే అలమేలమ్మ గారు తాటాకుల మూట తెచ్చి చాపమీద పెట్టింది. ఆమెకు చదువు రాదు. ఏటా సరస్వతీ పూజనాడు విప్పి, ఆకులకు నూనె రాసి, మళ్ళీ కట్టేదట.

"మీ కాడ ఎవురన్నా సదివి పాడుకోవచ్చునా నాయనా?" అని అడిగింది.

"లేదమ్మా. చెయ్యి తగిలితే విరుగుతాయి. తాళం వేసి ఉంచుతాం."

"స్వామే కొండ దిగి ఊర్లు తిరగతాడే! ఈ ఆకులకు అంత మడేందీ?"

మూట విప్పవద్దని మా అధికారి మరీ మరీ చెప్పాడు. అయినా సాయంత్రం బస్సు వదులుకుని, అరుగుమీద కూర్చుని చదవసాగాను. వీధి జనం చేరారు. పల్లకి మోసే ఓబులేసు గొంతు కలిపాడు. చీకటి పడేలోగా అతనికి ఒక్క పాటే పట్టుబడింది. ఇంకో ఆకు తిప్పబోతే అంచు పుటుక్కున విరిగింది. చదవడం ఆపేశాను.

ఆమె ఆ ముక్క ఏరి మూటలో పెట్టి, కళ్ళు తుడుచుకుంది. "ఆయన గొంతు ఇన్నట్టే ఉండాది. ఇంక ఎత్తుకపోప్పా."

మర్నాడు తిరుగు బండిలో మూట ఒళ్ళోంచి దించలేదు. విరిగిన అంచుకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఈ ఆకులు నిలవాలి, నిజమే. గదిలో పడి ఉండడానికే నిలిస్తే మాత్రం నేను ఆమెకు ద్రోహం చేసినట్టే. ఆళ్ళగడ్డ వెళ్ళాలనుకుంటే పల్లకి వచ్చే రోజుల్లో వెళ్ళండి, ఓబులేసు పాట వినండి. మిగతా పాటల కోసం మా మ్యూజియానికి రండి. చూపించం అంటే నన్ను పిలవమనండి. తలుపు నేనే తీస్తాను. పక్కన కూర్చుని ఆకులు కూడా నేనే తిప్పుతాను.